పన్నెండూ నలభైకి నయం

ఇంతవరకూ అనధికారికంగా వేడిగా ఉంటూ వచ్చిన తుయుక్ అరషాన్ నీళ్ళు సెప్టెంబరు పదిహేనో తారీఖు ఉదయం పదకొండు గంటల నుంచి అధికారికంగా వేడెక్కుతాయని మా సారీ-బెల్ జిల్లా పాలనాధికారి, ఆకిమ్ ఒమూర్జాక్ గారు నిండు సభలో ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊట పక్కనే కాపురం ఉంటున్నా, అది పర్మిషన్ లేకుండా వేడిగా ఉందన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

నా పేరు ఝుమాదిల్. అరషాన్‌కు, అంటే ఈ వేడినీళ్ళ ఊటకు, కాపలాదారుని. నన్ను ఎవరూ నియమించలేదు. మా నాన్న చేసేవాడు, ఆయన తర్వాత నేను చేస్తున్నాను. కాపలా అంటే నీళ్ళు ఎవరో ఎత్తుకుపోతారని కాదు. మడుగులో పాచి తీయాలి, జారిన రాళ్ళు సర్దాలి, కీళ్ళు పట్టేసి గుర్రం దిగలేని వాళ్ళను దింపాలి, టీ కాచి ఇవ్వాలి. జిల్లా పత్రిక సంపాదకుడికి కొండగాలి పడదు కాబట్టి ఈ చారిత్రక ఘట్టాన్ని పాఠకులకు అందించే భాగ్యం కూడా నాకే దక్కింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు, కాకపోతే మెచ్చుకుంటూ రాయమన్నారు. అలాగే రాస్తున్నాను.

అరషాన్‌లో ఆచారాలు రెండే. అక్కడ చేరినవాళ్ళలో ఎవరికి జబ్బు ఎక్కువో వాళ్ళు ముందు దిగాలి. గొర్రెల కాపరికైనా, గుర్రాల మందలున్న ఆసామికైనా ఇదే వరస. రెండోది, నయమైనవాళ్ళు తమ చేతికర్రను మడుగు పక్కనున్న నల్లరాయికి ఆనించి వెళ్ళాలి. ఇక దీంతో పని లేదని ఊటకు చెప్పిపోవడం అన్నమాట. మా తాతల నాటి నుంచి అలా ఆనించిన కర్రలు గుట్టగా పేరుకున్నాయి. ఎంత చలికాలమైనా, పొయ్యిలోకి పుల్ల లేకపోయినా, ఆ గుట్టలోంచి ఒక్క కర్ర కూడా ఎవరూ తీయరు.

ఆ గుట్ట అడుగున ఎక్కడో మా ఆవిడ కల్‌బూబూ కర్ర కూడా ఉంది. పదకొండేళ్ళ కిందట ఆమెకు కీళ్ళు బిగుసుకుపోయి టీ గిన్నె పట్టుకోవడం కూడా కష్టమైంది. ఏడు రోజులు నీళ్ళలో కూర్చుంది. ఎనిమిదో రోజు తనే రొట్టెకు పిండి పిసికి, కర్ర పట్టుకెళ్ళి రాయికి ఆనించి వచ్చింది. అప్పటి నుంచి ఏటా సెప్టెంబరులో, మంచు పడకముందే, ఏడు రోజులు మునగాలి. మునిగితే చలికాలమంతా రొట్టె కాలుస్తుంది, ఆవు పాలు పితుకుతుంది, నన్ను తిడుతుంది. మునగకపోతే మూడోది మాత్రమే చేయగలదు.

సభ అయ్యాక ఆకిమ్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"కూర్చో, బాయికే" అన్నారు.

బాయికే అంటే మా వైపు అన్నగారూ అని. ఆకిమ్ గారు తన సొంత అన్నను కూడా అలా పిలవగా జిల్లాలో ఎవరూ వినలేదు. నాకు కొంచెం భయం వేసింది.

"ఆరోగ్య, పర్యాటక శాఖల మంత్రి ఎసెన్‌గుల్ గారు స్వయంగా వస్తున్నారు. మోకాలి నొప్పి. పన్నెండేళ్ళ నుంచీ ఉంది. పెద్ద పెద్ద దేశాలు తిరిగొచ్చారు, తగ్గలేదు. మన దగ్గర తగ్గుతుంది."

"తగ్గొచ్చండి. ఏడు రోజులు కూర్చోవాలి మరి."

"మంత్రిగారికి నలభై నిమిషాలే ఖాళీ ఉంది."

"నలభై నిమిషాల్లో ఒళ్ళు తడుస్తుందండి."

ఆకిమ్ గారు సొరుగులోంచి బంగారు అంచు ఉన్న కార్డు తీసి నా ముందు పెట్టారు. పదకొండు గంటలకు రాక. పదకొండూ పదికి స్వాగతం. పన్నెండింటికి స్నానం. పన్నెండూ నలభైకి నయం. పన్నెండూ నలభై ఐదుకు చేతికర్ర సమర్పణ. ఒంటిగంటకు భోజనం. నయం కావడానికి ఐదు నిమిషాలు కేటాయించి, కొంచెం ఆలస్యమైనా సర్దుకునేలా ప్లాన్ చేసిన ఆ ముందుచూపుకు నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"ఇంకో మాట" అన్నారు ఆకిమ్ గారు. "సెప్టెంబరు ఒకటి నుంచి ఎవర్నీ నీళ్ళలో దిగనివ్వకు. ఎవరో దిగిన నీళ్ళలో మంత్రిగారు దిగుతారా?"

"పారే నీళ్ళండి. ఎవరు దిగినా అవి కిందికి పోతూనే ఉంటాయి."

"అయితే ఆ పదిహేను రోజులూ పారనివ్వకు."

"మా ఆవిడకి ఏటా అదే నెలలో..."

"పదహారో తారీఖు నుంచి ఆమెదే బాయికే. తొలి సామాన్య పౌరురాలు. ఫొటో కూడా వేయిద్దాం."

ఈ శుభవార్త కల్‌బూబూకు చెప్పాను. ఆమె పిండి పిసుకుతోంది.

"అంటే ఈసారి నా కీళ్ళు కార్డు చూసుకుని నొప్పి పుట్టాలన్నమాట" అంది. "ఏమయ్యా, ఆ కార్డులో నా పేరు ఎక్కడుందో చూపించు."

కార్డులో ఆమె పేరు లేదు. వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఇక రోడ్డు సంగతి. చివరి ఊరైన చోన్-సాయ్ నుంచి అరషాన్‌కు గుర్రం మీద రెండు రోజులు పడుతుంది. దారిలో ఒక కనుమ, రెండు వాగులు. మంత్రిగారిని నెమ్మదైన గుర్రం మీద తీసుకురావచ్చు కదా అని నేనంటే ఆకిమ్ గారు జాలిగా చూశారు. "మన దేశంలో గుర్రమెక్కిన నాయకులంతా విగ్రహాలే బాయికే. ఈయన ఇంకా బతికున్నారు."

ఆ రోడ్డు కోసం మా తాత అర్జీ పెట్టాడు. మా నాన్న పెట్టాడు. నేను రెండుసార్లు పెట్టాను. మంత్రిగారి మోకాలు పెట్టిన అర్జీ మాత్రం నాలుగు వారాల్లో మంజూరై, పూర్తి కూడా అయింది. బుల్డోజర్లు రాత్రింబగళ్ళు కొండను గీకుతూ పైకొచ్చాయి. కనుమ మీద ఎప్పుడూ మనిషిని చూడని మేకలు కూడా కిందికి దిగి వచ్చి చూశాయి. సెప్టెంబరు మొదటివారం చివరికి రోడ్డు మడుగుకు నూటయాభై అడుగుల దూరం వచ్చి ఆగింది. అక్కడ తెల్లబండ అడ్డం ఉంది.

రోడ్ల ఇంజనీరు పేరు తాలాంత్. బాగా చదువుకున్నవాడు. కొండ దగ్గరికి రాకముందే దాన్ని మ్యాపు మీద రెండుసార్లు పేల్చి చూసుకున్నాడు.

"బాబూ, ఆ బండ జోలికి పోకు" అన్నాను. "నీళ్ళు దాని పొట్టలోంచే వస్తాయి. మా నాన్న దాని మీద గుడారం మేకు కూడా కొట్టనిచ్చేవాడు కాదు."

"ఆ సంగతి రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

"బండ ఉంది."

"బండ డాక్యుమెంట్ కాదు బాయికే. కారు నలభై అడుగుల దాకా రావాలని ఆర్డరు. నా దగ్గర కాగితం ఉంది."

"ఆ కాస్త దూరం నడిచి రావచ్చుగా?"

"నడవగలిగితే ఆయన ఇక్కడిదాకా ఎందుకొస్తారు?"

తాలాంత్ నా భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా అడిగాడు.

"నీళ్ళు కిందికి పారతాయా, పైకి పారతాయా?"

"కిందికే."

"మేం పేల్చేది పైన. ఇంక గొడవేముంది?"

ఎనిమిదో తారీఖున మూడుసార్లు పేల్చారు. రోడ్డుకు అది చాలింది. ఒక డైనమైట్ కట్ట మిగిలింది. మిగిలినదాన్ని వెనక్కి పంపాలంటే పదకొండు ఫారాలు నింపాలట. తాలాంత్ చదువుకున్నవాడే గాని రాతపని అంటే ఒళ్ళు బరువు. నాలుగోది కూడా పేల్చేశాడు.

ఆ సాయంత్రానికి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మర్నాడు ఉదయం మడుగు మీద ఆవిరి లేదు. పదో తారీఖుకు అడుగున బుడగలు ఆగిపోయాయి, ఇసుక కదలడం మానేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇసుక కదులుతూనే ఉండేది. నేను నల్లరాయి మీద కూర్చుని ఏడ్చాను. విలేఖరి ఏదీ దాచకూడదు కాబట్టి రాస్తున్నాను. అభివృద్ధిని కళ్ళారా చూసిన ఆనందబాష్పాలుగా పాఠకులు గ్రహించాలి.

కల్‌బూబూ వచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"పదహారో తారీఖు నుంచి నాదే అన్నాడుగా" అంది. "ముందే ఇచ్చేశాడు."

కబురు అందగానే ఆకిమ్ గారు కొత్త రోడ్డు మీద వచ్చారు. రెండు రోజుల దారి గంటన్నరలో వచ్చానని సంతోషపడుతూ కారు దిగారు. చూపుడువేలు నీళ్ళలో ముంచారు. తుడుచుకుని మళ్ళీ ముంచారు.

"చల్లగా ఉన్నాయేంటి?"

"ఊట పోయిందండి."

"ఎక్కడికి?"

"చెప్పి పోలేదండి."

తాలాంత్ గొంతు సవరించుకున్నాడు. "సాంకేతికంగా చెప్పాలంటే ఊట పోలేదు సార్. ఉష్ణోగ్రత సరఫరాలో తాత్కాలిక అంతరాయం."

ఆకిమ్ గారి మొహం విప్పారింది. "చదువంటే అదీ" అన్నారు నా వైపు చూసి.

"మంత్రిగారికి ఉన్న మాట చెప్పేసి, రావద్దంటే?" అన్నాను.

"మోకాలిని వాయిదా వేయొచ్చు బాయికే. కార్డుల్ని వాయిదా వేయలేం. అచ్చయిపోయాయి."

ఆ తర్వాతి ఐదు రోజుల్లో ఒమూర్జాక్ గారు చూపించిన పాలనాదక్షత గురించి రాయడానికి నా కలం చాలదు. పెళ్ళిళ్ళకూ చావులకూ మాంసం వండే పెద్ద ఇనప కళాయిలు మూడు ఊళ్ళ నుంచి తొమ్మిది తెప్పించారు. మిగిలిన తెల్లబండ ముక్క వెనక పొయ్యిలు పెట్టించారు. రెండు లారీల పిడకలు దించారు. అక్కడి నుంచి మడుగు అడుగుకు ఒక గొట్టం వేశారు. బుడగల కోసం లారీ టైర్లకు గాలి కొట్టే పంపు తెచ్చి, దాని రబ్బరు గొట్టాన్ని ఇసుకలో పాతారు. పంపు కొట్టే బాధ్యత ఎవరికీ అప్పగించకుండా ఇంజనీరు తాలాంతే తీసుకున్నాడు. ఇక మిగిలింది వాసన. అరషాన్ నీళ్ళకు కుళ్ళిన గుడ్డు వాసన ఉంటుంది, మహిమంతా అందులోనే ఉందని రోగుల నమ్మకం. జిల్లా ఆస్పత్రి వంటగది నుంచి రెండు బుట్టల గుడ్లు తెప్పించారు. వాటిని కుళ్ళబెట్టే పని పడలేదు.

కల్‌బూబూ కళాయిల దగ్గరికి వెళ్ళి ఒకదాని అంచు గోటితో గీకి చూసింది.

"ఇవి కడిగారా?"

"తొందరలో ఎక్కడ కడుగుతారు?" అన్నాను.

"మొన్న ఊళ్ళో ఎవరో పెద్దాయన దినానికి గొర్రెలు వండిన కళాయిలివి. వేడినీళ్ళు, కొవ్వు, ఇంత ఉప్పు ఉంటే సరిపోతుంది. మంత్రిగారిని పులుసు పెడుతున్నారా ఏంటి?"

పదిహేనో తారీఖున పద్నాలుగు కార్లు వచ్చాయి. ఎసెన్‌గుల్ గారు దిగారు. భారీ మనిషి. వెండి పిడి ఉన్న చేతికర్ర మీద బరువంతా మోపి, ప్రతి అడుగుకూ పళ్ళు బిగబట్టి, పైకి మాత్రం నవ్వుతూ నడిచారు. తెల్ల ఉన్ని టోపీ పెట్టారు, జరీ అంగీ కప్పారు, గుడారంలో పెద్దలకిచ్చే పై చోటున కూర్చోబెట్టి పులిసిన గుర్రప్పాలు పోశారు. ఆకిమ్ గారు నలభై ఐదు నిమిషాలు మాట్లాడారు. ఈ నీళ్ళ వేడి వెనక ఎందరి కష్టం ఉందో ప్రజలకు తెలియదని అన్నారు. అది నిజమే.

మంత్రిగారికి ఆచారాలంటే గౌరవం. మడుగు ముందు ఆగి, "ఇక్కడ జబ్బు ఎక్కువున్నవాళ్ళే కదా ముందు దిగాలి? నాకు తెలుసు" అన్నారు. చుట్టూ చూశారు. ముందు వరసలోనే కల్‌బూబూ నిలబడి ఉంది. ఈ ఏటి మునక తప్పేసరికి ఆమె వేళ్ళు అప్పుడే ముడుచుకుపోయాయి. చేతులు అంగీ చేతుల్లోకి లాక్కుంది గాని, ముంజేతి వాపు కనిపిస్తూనే ఉంది. జనమంతా ఆమె వైపే చూశారు.

ఆకిమ్ గారు ముందుకొచ్చారు. "ప్రొటోకాల్ ప్రకారం, ఈ రోజు ఈ జిల్లాలో అందరికంటే ఎక్కువ జబ్బు తమరిదే సార్."

పక్కనున్న జిల్లా డాక్టరమ్మ తలూపింది. మంత్రిగారు ప్రజాభిప్రాయానికి తలవంచి దిగారు.

ఆయన జారకుండా చెయ్యి పట్టుకోవడం నా డ్యూటీ. నీళ్ళు బాగానే వేడిగా ఉన్నాయి. గుడ్లు కూడా తమ ధర్మం నిర్వర్తిస్తున్నాయి. కెమెరాలు దూరంగా ఉన్నాయి. మంత్రిగారు కళ్ళు మూసుకుని మెల్లగా అన్నారు.

"ఆరేళ్ళప్పుడు మా అమ్మమ్మ నన్ను జీను ముందు కూర్చోబెట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చింది బాయికే. కాళ్ళ కింద ఇసుక చక్కిలిగిలి పెట్టేది. నవ్వలేక చచ్చేవాణ్ణి."

నీళ్ళలో ఆయన కాలు అటూ ఇటూ వెతకడం నాకు తెలుస్తోంది.

"ఇప్పుడు పెట్టట్లేదు" అన్నారు.

"తమరు పెద్దవారయ్యారండి."

బుడగలు వరసగా పది వచ్చి ఆగాయి. కాసేపటికి మళ్ళీ పది వచ్చాయి. బండ వెనక ఎవరో ఆయాసపడుతూ దగ్గారు. మంత్రిగారు చెయ్యి పైకి తీశారు. వేళ్ళ మీద సన్నటి మెరుపు. వాసన చూసుకున్నారు.

"ఖనిజాలు సార్" అంది ఒడ్డు మీంచి డాక్టరమ్మ.

గొర్రె కొవ్వు వాసన గుర్తుపట్టలేని మనిషి మా జాతిలో ఇంతవరకూ పుట్టలేదు, మంత్రి అయినా సరే. ఆయన నా మొహం వైపు చూశారు. నేను నీళ్ళ వైపు చూశాను.

"బాయికే, అసలుది ఎక్కడుంది?"

అది ఉపన్యాసాలిచ్చే గొంతు కాదు. నొప్పితో నిద్ర పట్టని మనిషి గొంతు. అలాంటి గొంతులు నేను ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తమరి కారు నిలబెట్టిన చోట ఉండాలండి. కింద, బాగా లోతుగా."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఒడ్డు మీద కల్‌బూబూ చేతుల వైపు ఒకసారి చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆ క్షణంలో ఆయన ఏదో చెబుతారని నేను నిజంగానే అనుకున్నాను. అప్పుడు చెప్పి ఉంటే ఆ మనిషికి నేను జీవితాంతం టీ కాచి ఇచ్చేవాణ్ణి.

"పన్నెండూ నలభై సార్" అన్నారు ఆకిమ్ గారు, కార్డు చూస్తూ.

మంత్రిగారు లేచి కెమెరాల వైపు తిరిగారు.

"నొప్పి పోయింది" అన్నారు.

చప్పట్లు మోగాయి. మోకాలు పూర్తిగా నయమైనట్టు డాక్టరమ్మ సర్టిఫికెట్ చదివింది. దాని మీద సంతకం ముందురోజు తారీఖుతో ఉంది. పన్నెండూ నలభై ఐదుకు, ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా, మంత్రిగారు తన వెండి పిడి కర్రను నల్లరాయికి ఆనించారు. కారు వైపు తిరిగారు. ఒక అడుగు వేశారు. రెండోది వేయలేదు. నవ్వు అలాగే ఉంది గాని నుదుటి మీద చెమట పట్టింది. కెమెరాలన్నీ ఆయన కాళ్ళ మీదే ఉన్నాయి.

ఒమూర్జాక్ గారు మామూలు మనిషి కాదని నాకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. "మంత్రిగారిని భుజాల మీద మోసుకెళ్ళాలని ప్రజలు ముచ్చట పడుతున్నారు" అని ప్రకటించారు. ప్రజల తరఫున ఆరుగురు పోలీసులు ముందుకొచ్చారు. జై కొడుతూ ఎత్తుకున్నారు. కొండను నాలుగుసార్లు పేల్చి దగ్గర చేసిన ఆ నలభై అడుగుల్లో మంత్రిగారి కాలు ఒక్కసారి కూడా నేలకు తగలలేదు. గౌరవ అతిథికి పెట్టే గొర్రె తలకాయ ఆయన కోసం గుడారంలో ఎదురుచూస్తూ చల్లారిపోయింది.

మర్నాడు కళాయిలు వెనక్కి పోయాయి. చోన్-సాయ్‌లో ఎవరిదో పెళ్ళి. పిడకల బూడిద మిగిలింది. పదహారో తారీఖు కల్‌బూబూది కదా, ఆమె ఒడ్డున కాసేపు కూర్చుని లేచి వచ్చింది. ఫొటో తీయడానికి ఎవరూ రాలేదు. నేను ఇంట్లో ఉన్న చిన్న గిన్నెలో నీళ్ళు కాచి ఆమె చేతులు అందులో పెట్టాను. మునుపు ఊట నీళ్ళలో అయితే గంటకల్లా వేళ్ళు వాటంతట అవే విచ్చుకునేవి. ఈ నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచాను. మళ్ళీ చల్లారాయి.

"ఆపయ్యా ఇక" అంది. "పిడకలు చలికాలానికి ఉంచు."

వారం తిరక్కుండానే ఆఫీసు నుంచి ఒక లావుపాటి రిజిస్టరు, ఒక ఆర్డరు వచ్చాయి. నన్ను ఊట నిర్వాహకుడిగా ప్రభుత్వం నియమించింది. నిర్వహించడానికి ఊట ఉన్నన్నాళ్ళూ నన్ను ఎవరూ నియమించలేదని నేను గుర్తు చేసుకున్నాను. రిజిస్టరులో నాలుగు గళ్ళు. పేరు, ఊరు, వచ్చిన సాధనం, ఫలితం. ఫలితం గడిలో పూర్తిగా నయం అని తప్ప ఇంకేమీ రాయకూడదని ఆకిమ్ గారు ఫోన్ చేసి చెప్పారు. మంత్రిగారికి పనిచేసిన నీళ్ళు సామాన్యుడికి పనిచేయలేదంటే అది రాజకీయం అవుతుందట.

మొదటి సందర్శకుడు మామాసాదిక్. దిగువ లోయలో గొర్రెల కాపరి. పోయినేడు నడుం పట్టేసి, ఇద్దరు మోసుకొస్తే వచ్చి, తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళినవాడు. ఎవరిదో కారులో దిగాడు. మడుగు వైపు చూడనైనా చూడలేదు. సరాసరి నల్లరాయి దగ్గరికి వెళ్ళి కర్రల గుట్టలో వెతకడం మొదలుపెట్టాడు.

"నాది మోటు కర్ర. పిడి దగ్గర కత్తి గాటు ఉంటుంది" అన్నాడు.

"అవి తీయకూడదు మామాసాదిక్. నీకు తెలియనిదా?"

"పోయినేడు పెట్టాను. పోయినేడు ఊట ఉంది." నా వైపు తిరిగాడు. "చలికాలం వస్తోంది ఝుమాదిల్. నువ్వే చెప్పు, ఏం పట్టుకుని నడవను?"

నేనే వెతికి ఇచ్చాను. రిజిస్టరులో రాశాను. వచ్చిన సాధనం కారు, ఫలితం పూర్తిగా నయం.

మర్నాడు ముగ్గురు వచ్చారు. ఆ తర్వాత రోజుకు పది, పదిహేను మంది. మునుపు గుర్రం మీద రాలేనివాళ్ళు కూడా ఇప్పుడు సుఖంగా రాగలుగుతున్నారు. ఎక్కడెక్కడి నుంచో కార్లు, వ్యాన్లు వచ్చి తెల్లబండ ఉండే చోట బారులు తీరేవి. కొందరు తమ కర్రను చూడగానే గుర్తుపట్టేవాళ్ళు. కొందరికి దొరికేది కాదు, తండ్రిదో తాతదో తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఒక ముసలామె తన కర్రను కళ్ళకద్దుకుని, "నిన్ను మళ్ళీ చూస్తాననుకోలేదే" అని దాన్ని తిట్టింది. ఎవరూ గొడవ చేయలేదు. ఎవరూ నీళ్ళ గురించి అడగలేదు.

ఆకిమ్ గారు ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవారు.

"ఈ వారం ఎంతమంది బాయికే?"

"డెబ్భై ఇద్దరండి."

"మునుపు ఏడాదంతా కలిపి?"

"వందకు లోపేనండి."

"చూశావా మరి. ఎలా ఉంటున్నారు, సంతోషంగా వెళ్తున్నారా?"

"ఒట్టి చేతులతో ఒక్కరు కూడా వెళ్ళడం లేదండి."

ఆ మాట ఆకిమ్ గారికి నచ్చి, జిల్లా ప్రగతి నివేదిక అట్ట మీద పెద్దక్షరాలతో వేయించారు. నివేదిక రాజధానికి వెళ్ళింది. అది చదివి ఆయనను రాష్ట్ర స్థాయికి ప్రమోట్ చేశారు. రాష్ట్రంలో ఇంకా ఆరు అరషాన్‌లు ఉన్నాయి. వాటికి కూడా రోడ్లు వేసే పని ఆయనకే అప్పగించారని తెలిసి మా జిల్లా గర్వపడింది. తాలాంత్‌ను కూడా వెంట తీసుకెళ్ళారు.

అక్టోబరు చివరికి గుట్టలో రెండే కర్రలు మిగిలాయి. ఒకరోజు మధ్యాహ్నం రాజధాని నంబరు ఉన్న నల్లకారు వచ్చింది. డ్రైవరు ఒక్కడే దిగాడు. చేతిలో సీలు వేసిన ఉత్తరం. మంత్రిగారు సమర్పించిన చారిత్రక చేతికర్రను మ్యూజియంలో భద్రపరచడానికి తక్షణం పంపవలసిందని అందులో ఉంది.

"మ్యూజియంలో ఎప్పుడు పెడతారు?" అని అడిగాను.

"అది నాకు తెలీదు బాయికే. నన్ను మాత్రం నేరుగా సార్ ఇంటికే పట్టుకురమ్మన్నారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్ మంచం దిగక మూడు వారాలైంది. వేరే కర్ర కొందామంటే, పేపర్లో పడుతుందని మేడమ్ వద్దన్నారు. దుప్పట్లో చుట్టివ్వు, దార్లో ఎవరి కంటా పడకూడదంట."

దుప్పట్లో చుట్టి ఇచ్చాను. రిజిస్టరులో మంత్రిగారి పేరు, రాజధాని, నల్లకారు అని రాసి, ఫలితం గడి కూడా నింపాను. కారు వెళ్ళిపోయింది.

ఇక ఒక్కటే మిగిలింది. అడుగున పడి పడి నల్లబడిపోయింది. ఇన్నాళ్ళూ అందరి కర్రలూ వెతికి ఇస్తూ, అది కనిపించినప్పుడల్లా చూడనట్టు పక్కకు జరుపుతూ వచ్చాను. ఇప్పుడు దాన్ని దేని చాటునా పెట్టడానికి లేదు.

కనుమ మీద మంచు మొదలైంది. కల్‌బూబూ గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్నాళ్ళు దాస్తావయ్యా? తే ఇటు" అంది.

తెచ్చి ఇచ్చాను. వేళ్ళు విచ్చుకోక రెండు ముంజేతుల మధ్య ఇరికించి పట్టుకుంది. నేలకు ఆనించి, బరువు మోపి చూసుకుంది. పదకొండేళ్ళయినా దాని ఎత్తు ఆమెకు సరిగ్గానే ఉంది.

"నన్నూ రాసుకో" అంది. "ఒకరు తగ్గారంటే ఆఫీసు వాళ్ళు నిన్ను అడుగుతారు."

రిజిస్టరు తెరిచాను. పేరు కల్‌బూబూ. ఊరు తుయుక్ అరషాన్. వచ్చిన సాధనం, గోడ పట్టుకుని నడక. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ఆమె నా చేతి వైపే చూస్తోంది.

అందరికీ రాసినట్టే రాశాను. పూర్తిగా నయం.